చింతచెట్టుకు వేలంపాట, నగరం జాగాకు చాటు బేరమా?

చింతకాయ పండే వేళకి పల్లెల్లో ఏటా ఒక తంతు జరుగుతుంది. పంచాయతీ చెట్ల ఫలసాయానికి పాట పెడతారు. ముందురోజే ఊళ్లో టముకు వేస్తారు. మర్నాడు పంచాయతీ ఆఫీసు అరుగు మీద కార్యదర్శి రిజిస్టరు తెరిచి కూర్చుంటాడు. పాడదలచిన వాళ్లు ధరావత్తు కట్టి పేరు రాయించుకుంటారు. సర్కారువారి పాట ఇంత అని మొదలవుతుంది. ఎవరు ఎంత పెంచారో, ఎవరు ఎక్కడ ఆగిపోయారో అరుగు కింద నిలబడ్డ ఊరంతా వింటుంది. ‘మూడోసారి’ అన్నాకే పాట ఖాయమవుతుంది. చేపల చెరువుకీ ఇదే పద్ధతి, వారపు సంత ఆశీలుకీ ఇదే పద్ధతి, బస్టాండు పక్కన మున్సిపాలిటీ కొట్టుగదికీ ఇదే పద్ధతి. కొన్నివేల రూపాయల వ్యవహారానికి ఇంత తతంగం ఎందుకని ఎవరూ అడగరు. పదిమంది సొమ్ము కదా, పదిమంది ముందే తేలాలని అందరికీ తెలుసు.

అదే ప్రభుత్వ వ్యవస్థలో, నగరం నడిబొడ్డున ఉన్న అయిదెకరాల జాగాకు టముకు ఉండదు, ధరావత్తు ఉండదు, రెండో పాటదారు ఉండడు. ఒక దరఖాస్తు వస్తుంది. దాని మీద ఒక నోటు నడుస్తుంది. కౌన్సిల్ సమావేశం రోజు పొద్దున టేబుల్ అజెండాగా కాగితం సభ్యుల చేతికందుతుంది. గొడవ మధ్య ‘ఆమోదించడమైనది’ అంటారు. దీనికి ఆఫీసు భాషలో ‘నామినేషన్ పద్ధతి’ అని గౌరవమైన పేరుంది. మామూలు భాషలో చెప్పాలంటే, కొనేవాడెవరో ముందే తేలిపోయింది, కాగితాలు తర్వాత తయారయ్యాయి.

నగరపాలక సంస్థల ఖజానాలు ఖాళీగా ఉన్నాయి. కాంట్రాక్టర్ల బిల్లులు పేరుకుపోతున్నాయి. భూమి ధరలు ఆకాశంలో ఉన్నాయి. ఈ మూడూ ఒక్కచోట కలిసినప్పుడే చాటు బేరాలకు కాలం కలిసొస్తుంది. అందుకే ఈ హెచ్చరిక. మీ ఊళ్లో కార్పొరేషన్ జాగా దేన్నయినా పోటీ లేకుండా అమ్మాలని, రాసివ్వాలని, 33 ఏళ్లకో 99 ఏళ్లకో లీజుకివ్వాలని ఫైలు కదిలితే, ఆపాల్సిన సమయం తీర్మానానికి ముందే. ఆ తర్వాత ఆపడం ఎంత కష్టమో చెప్పడానికి కోర్టు తీర్పులు చాలానే ఉన్నాయి.

‘మిగులు’ అన్న మాట దగ్గరే ఆగండి

ప్రతి అమ్మకమూ ఒక మాటతో మొదలవుతుంది: ఈ స్థలం సంస్థకు మిగులు. పాత నీళ్ల ట్యాంకు కూల్చేసిన జాగా, పిల్లలు తగ్గి మూతబడిన బడి, ఊరి బయటికి తరలిపోయిన కబేళా, డంపింగ్ యార్డు ఎత్తేసిన మూల, లేఅవుటులో ప్రజల అవసరాలకని వదిలిన ఖాళీ స్థలం. ఫైలులో మూడు వాక్యాలు వరుసగా దర్శనమిస్తాయి. స్థలం ఉపయోగంలో లేదు. ఆక్రమణకు గురయ్యే ప్రమాదం ఉంది. సంస్థ ఆర్థిక పరిస్థితి దృష్ట్యా అమ్మడం శ్రేయస్కరం.

అదే వార్డులో అంగన్‌వాడీ అద్దె గదిలో నడుస్తూ ఉంటుంది. చెత్త బళ్లు నిలపడానికి చోటు లేక రోడ్డు పక్కన ఆపుతుంటారు. వీధి వ్యాపారులకు స్థలం చూపించమంటే ‘జాగా లేదు’ అని అదే ఆఫీసు జవాబిస్తుంది. ప్రజలు అడిగినప్పుడు లేని జాగా, కొనేవాడు అడిగినప్పుడు మిగులు ఎలా అయింది? ఈ ఒక్క ప్రశ్నకు రాతపూర్వకమైన జవాబు లేకుండా ఏ ఫైలూ ముందుకు పోకూడదు. ఏయే శాఖలను అడిగారు, ఏ శాఖ అక్కర్లేదంది, ఎప్పుడంది అన్నది తేదీలతో ఉండాలి. ఆక్రమణ భయం ఉంటే ప్రహరీ కట్టాలి. దొంగలు పడతారేమోనని ఇల్లమ్ముకునేవాడు ఎక్కడైనా ఉన్నాడా?

ధర ఎవరికి తెలుసు?

చాటు బేరాన్ని సమర్థించేవాళ్ల మొదటి మాట: ‘రిజిస్ట్రేషన్ విలువ కన్నా ఎక్కువకే ఇస్తున్నాం.’ రిజిస్ట్రేషన్ విలువ స్టాంపు సుంకం లెక్క కోసం ప్రభుత్వం వేసుకున్న అంకె. బయట నడిచే ధర వేరని తెలుగునాట ఇల్లు కొన్న ప్రతివాడికీ తెలుసు. తమ సొంత స్థలాన్ని ఏ అధికారీ, ఏ కార్పొరేటరూ ఆ అంకెకు అమ్మరు.

సరే, నిపుణుడైన వాల్యూయర్ చేత మదింపు చేయిస్తే సరిపోదా? హైదరాబాద్ శివార్లలోని కోకాపేటలో 2023 ఆగస్టు 3న జరిగింది చూడండి. నియోపొలిస్ లేఅవుటులో 45.33 ఎకరాలను, ఏడు ప్లాట్లుగా, హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ (హెచ్ఎండీఏ) ఆన్‌లైన్ వేలానికి పెట్టింది. ఎకరాకు కనీస ధర 35 కోట్లు. అది గాలిలోంచి తీసిన అంకె కాదు. రెండేళ్ల ముందు అక్కడే జరిగిన వేలంలో కనీస ధర 25 కోట్లయితే పాట 60 కోట్లు దాటింది, దాదాపు 50 ఎకరాలకు 2,000 కోట్లు వచ్చాయి. అంత అనుభవంతో వేసిన కనీస ధర కూడా సగానికి సగం తక్కువని సాయంత్రానికి తేలింది. ఎకరం అత్యధికంగా 100.75 కోట్లు పలికింది, సగటున 73.23 కోట్లు. మొత్తం రాబడి 3,319 కోట్ల పైచిలుకు. ఆ భూమినే 35 కోట్ల చొప్పున ఎవరికైనా ‘మంచి ధరకే’ నామినేషన్ మీద ఇచ్చి ఉంటే వచ్చేది 1,587 కోట్లు. అంటే 1,700 కోట్లకు పైగా ప్రజల సొమ్ము ఎవరికీ తెలియకుండా జారిపోయేది. జారిపోయిందన్న సంగతి కూడా తెలిసేది కాదు.

అసలు కిటుకు ఇంకోటుంది. ఆ రోజు ఒకే లేఅవుటులో, ఒకే కనీస ధరతో మొదలైన ప్లాట్లలో తక్కువ పలికినది ఎకరం 67.25 కోట్లకు పోయింది. అత్యధిక ధరకూ దీనికీ తేడా ఎకరానికి 33 కోట్లకు పైనే. ఏ మూల ప్లాటు ఎవరికి ఎందుకు అంత ముద్దొచ్చిందో కొనేవాడి మనసులో ఉంటుంది. దాన్ని బయటికి లాగగలిగింది పోటీ ఒక్కటే. ఏ వాల్యూయర్ నివేదికా ఆ పని చేయలేదు.

దేశ సర్వోన్నత న్యాయస్థానం ఈ సంగతిని ఒకసారి తన హాల్లోనే తేల్చి చూపించింది. హర్యానాలో ఒక క్వారీ లీజుకు వేలం పెట్టి, వచ్చిన పాట చాలదని పక్కనపెట్టారు. తర్వాత పాటదారుల్లో మరొకరు నేరుగా ముఖ్యమంత్రికి లేఖ రాసి ఏడాదికి నాలుగున్నర లక్షలు ఇస్తానన్నారు. లేఖ మీదే లీజు ఖాయమైంది. మొదట పాడిన సంస్థకు కబురైనా లేదు. ‘రామ్ అండ్ శ్యామ్ కంపెనీ’ పేరుతో 1985లో తీర్పు వచ్చిన ఆ కేసులో న్యాయమూర్తులు ఇరుపక్షాలనూ కోర్టులోనే పాడమన్నారు. పాట 25 లక్షల దగ్గర ఆగింది. నాలుగున్నర లక్షలు మంచి ధరేనని ఫైలులో రాసిన కలాలు ఆ రోజు ఎక్కడ తలదాచుకున్నాయో తెలియదు. తన సొంత ఆస్తిని మనిషి తన ఇష్టం వచ్చినట్టు అమ్ముకోవచ్చు, ప్రజల ఆస్తి విషయంలో ప్రభుత్వానికి ఆ స్వేచ్ఛ లేదు అన్నది ఆ తీర్పు సారం.

దగ్గరివాళ్లకు పంచిన ముచ్చట

ధర పోవడం సగం నష్టమే. ఎవరికి ఇస్తున్నామన్నది మిగతా సగం. ఈ విషయంలో పత్రికల వాళ్లం ముందుగా మా ఇంటి సంగతి చెప్పుకోవాలి. ఉమ్మడి రాష్ట్రంలో 2005 నుంచి హైదరాబాద్ నగర పరిధిలో విలువైన ప్రభుత్వ భూమిని హౌసింగ్ సొసైటీలకు, పోటీ లేకుండా, తక్కువ ధరకు కేటాయించారు. ఆ సొసైటీల సభ్యులు ఎవరంటే ఎంపీలు, ఎమ్మెల్యేలు, అఖిల భారత సర్వీసుల అధికారులు, న్యాయమూర్తులు, జర్నలిస్టులు. అంటే జీవో ఇచ్చేవాళ్లు, దాన్ని అమలుచేసేవాళ్లు, తప్పయితే కొట్టేయాల్సినవాళ్లు, తప్పని రాయాల్సినవాళ్లు అందరూ ఒకే వరుసలో నిలబడ్డారు. 2010లోనే హైకోర్టు తప్పుపట్టింది. 2024 నవంబర్ 25న సుప్రీంకోర్టు ఆ కేటాయింపులను కొట్టివేసింది. అధికార బలం ఉన్నవాళ్లు తమకు తామే వడ్డించుకోవడం సమానత్వ సూత్రానికి విరుద్ధమని తేల్చి, కట్టిన డబ్బు వడ్డీతో తిరిగి ఇమ్మంది. సాధారణ జీతగాడైన విలేకరికి ఇంటి జాగా అవసరమే. ఆ అవసరం ఆటో డ్రైవరుకూ ఉంది, టైలరుకూ ఉంది. వాళ్లకు లేని వరుస మాకెందుకు అన్న ప్రశ్నకు మా దగ్గర జవాబు లేకపోయింది.

గచ్చిబౌలి 400 ఎకరాల కథ ఇంకా పొడవు. 2003 ఆగస్టులో, రిజిస్టరై వారం కూడా తిరగని ఐఎంజీ భారత అనే కంపెనీతో క్రీడా సదుపాయాల పేరిట ఆ భూమి ఇవ్వడానికి ప్రభుత్వం ఒప్పందం చేసుకుంది. తర్వాతి ప్రభుత్వం 2006లో రద్దుచేసింది. కేసులు నడిచి నడిచి 2024 మార్చిలో తెలంగాణ హైకోర్టు రద్దును సమర్థించింది. అప్పుడు గాని భూమి చిక్కు విడలేదు. 2003లో పుట్టిన బిడ్డ అప్పటికి డిగ్రీ పూర్తిచేసి ఉంటుంది. అలా తిరిగొచ్చిన భూమిని వేలానికి సిద్ధం చేస్తూ చెట్లు కొట్టేస్తుంటే, 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆపాల్సి వచ్చింది. అమ్మాలా వద్దా అన్న ప్రశ్న, ఎలా అమ్మాలన్న ప్రశ్న కంటే ముందుండాలని ఆ 400 ఎకరాలు రెండోసారి నేర్పాయి.

తిరిగొచ్చినా గాయం మిగులుతుంది

లక్నోలో అమీనాబాద్ అంటే కిక్కిరిసిన బజారు. ఆ ఇరుకులో జనం ఊపిరి పీల్చుకునే చోటు ఝండేవాలా పార్కు. స్వాతంత్ర్యోద్యమ సభలు జరిగిన నేల. 1993లో అక్కడి నగరపాలక సంస్థ టెండర్లు పిలవకుండానే ఒక బిల్డరుతో ఒప్పందం చేసుకుని పార్కు కింద భూగర్భ షాపింగ్ కాంప్లెక్స్ కట్టుకోమంది. హైకోర్టు తప్పన్నా, కేసు పైకోర్టుకు వెళ్లి తేలేలోపు కట్టడం లేచింది. 1999లో సుప్రీంకోర్టు దాన్ని కూల్చి, పార్కును మళ్లీ పార్కుగా చేయమని ఆదేశించింది. నగరపాలక సంస్థ ప్రజల ఆస్తికి ధర్మకర్త మాత్రమేనని చెప్పింది. ప్రజలు గెలిచారు, నిజమే. తవ్విన గోతులూ, కూల్చిన గోడలూ, కోర్టు చుట్టూ తిరిగిన సంవత్సరాలూ ఎవరి ఖాతాలో వేయాలి?

ఇది మన దేశపు జాడ్యమే అనుకుంటే పొరపాటు. అమెరికాలో డిస్నీల్యాండ్ ఉన్న ఊరు అనహైమ్. అక్కడ బేస్‌బాల్ స్టేడియం, దాని చుట్టూ పార్కింగ్ కలిపి 150 ఎకరాలు నగరానివే. 2019 చివర్లో ఆ మొత్తాన్ని, బహిరంగ పోటీ లేకుండా, అక్కడే ఆడే జట్టు యజమాని సంస్థకు అమ్మడానికి కౌన్సిల్ ఒప్పుకుంది. ధర చివరికి 32 కోట్ల డాలర్లుగా కుదిరింది. అందులో నగదు 15 కోట్లే, మిగతాది పేదల ఇళ్లు, పార్కు కడతామన్న హామీల కింద జమ. కాలిఫోర్నియాలో ఇందుకోసం ‘మిగులు భూముల చట్టం’ అనే ఒక చట్టమే ఉంది. ప్రభుత్వ సంస్థ మిగులు భూమిని అమ్మదలిస్తే అందుబాటు ధరల ఇళ్లు కట్టేవాళ్లకు ముందు చూపించాలి. అది పాటించలేదని 2021 డిసెంబర్‌లో రాష్ట్ర గృహనిర్మాణ శాఖ నోటీసిచ్చింది. 2022 మేలో ఎఫ్‌బీఐ దర్యాప్తు బయటపడింది. నగరం తరఫున బేరమాడాల్సిన మేయరే లోపలి సమాచారం అవతలి పక్షానికి చేరవేశాడన్నది ఆరోపణ. ఆయన రాజీనామా చేశాడు, కౌన్సిల్ అమ్మకాన్ని రద్దుచేసింది. బేరం తాలూకు ఈమెయిల్ చెరిపేశానని, దర్యాప్తు అధికారులకు అబద్ధం చెప్పానని 2023లో కోర్టు ముందు ఒప్పుకున్నాడు. జట్టు యజమాని మీద కేసు పెట్టలేదు. పోటీ ఉండి ఉంటే ఆ గుసగుసలకు విలువే ఉండేది కాదు. పదిమంది పాడే చోట లోగుట్టు ఒకడి చెవిలో ఊది లాభం లేదు.

అవతలి వాదనలో నిజమెంత?

న్యాయంగా అవతలి మాటా వినాలి. వేలం ఒక్కటే రాజ్యాంగబద్ధమైన మార్గం కాదని 2012 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనమే చెప్పింది. నిజమే. రక్తనిధికో, అనాథాశ్రమానికో, ప్రభుత్వ బడికో స్థలం ఇవ్వాలంటే ఎక్కువ పాడినవాడికే ఇస్తామనడం మొండితనం. ఎవరి ఇంటి వెనకనో ఇరుక్కుపోయిన పది గజాల ముక్క పక్కింటివాడికి తప్ప మరొకరికి పనికిరాదు, దానికీ వేలం అక్కర్లేదు. ఆ ధర్మాసనమే ఇంకో మాట కూడా అంది: మార్గం ఏదైనా అది న్యాయంగా, అందరికీ ఒకే కొలతతో, ఇష్టారాజ్యానికి తావులేకుండా ఉండాలి. మొదటి సగం చదివి రెండో సగం దాచేసే ఫైళ్లే మన ఆఫీసుల్లో ఎక్కువ. అంతకు ఏడాది ముందు భోపాల్‌లో ఒక ట్రస్టుకు ప్రకటన కూడా లేకుండా ఇచ్చిన 20 ఎకరాలను ఇదే కోర్టు వెనక్కి తీసుకోమంది.

ఇక పరిశ్రమలు, ఉద్యోగాలు. విశాఖపట్నంలో టీసీఎస్‌కు 21.16 ఎకరాలు 99 పైసలకే ఇవ్వాలని 2025 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం నిర్ణయించింది. 12,000 ఉద్యోగాలు వస్తాయన్నారు. ఇది కార్పొరేషన్ మిగులు జాగా అమ్మకం కాదు, పెట్టుబడి కోసం ప్రభుత్వం తెలిసి ఇచ్చిన రాయితీ. వస్తే సంతోషమే. ఆ పేరు పెద్దది, ఊరి ఆశ పెద్దది. రేపు ఇదే 99 పైసల ఉదాహరణ చూపించి, ఎవరూ పేరు విననివాళ్లు మీ ఊరి కార్పొరేషన్ గుమ్మంలో నిలబడతారు. అప్పుడు అడగాల్సినవి ఇవి: భూమి మార్కెట్ ధర ఎంత, అంటే మనం ఇస్తున్న రాయితీ ఎన్ని కోట్లు? ఒక్కో ఉద్యోగానికి ఎంత పడుతోంది? ఎన్ని ఉద్యోగాలు, ఏ తేదీకి? తప్పితే భూమి దానంతట అదే వెనక్కి వచ్చే షరతు దస్తావేజులో ఉందా, పత్రికా ప్రకటనలో మాత్రమే ఉందా? ఇవే షరతులకు ఇంకెవరైనా ముందుకొస్తారేమో కనుక్కున్నారా?

వేలం పేరిట నాటకాలూ ఉన్నాయి, వాటినీ కనిపెట్టాలి. పండగ సెలవుల్లో, ఎవరూ చదవని పత్రికలో ప్రకటన ఇచ్చి వారం రోజుల గడువు పెట్టడం ఒకటి. ఫలానా టర్నోవరు, ఫలానా అనుభవం ఉండాలంటూ ఒక్కడికే సరిపోయే చొక్కా కుట్టినట్టు నిబంధనలు రాయడం రెండోది. పాటదారులు సిండికేట్ అయి, గెలిచేవాడెవడో టీకొట్టు దగ్గరే తేల్చుకుని రావడం మూడోది. ఒకే ఒక్క బిడ్ వచ్చినా ఖాయం చేసెయ్యడం నాలుగోది.

ఇప్పుడు ఏం చేయాలి?

కార్పొరేటర్లకు: భూమి విషయం టేబుల్ అజెండాగా వస్తే చర్చకే ఒప్పుకోకండి. సర్వే నంబరు, విస్తీర్ణం, హద్దులు, పక్క స్థలాల తాజా అమ్మకాల ధరలు, రెండు వేర్వేరు మదింపు నివేదికలు సమావేశానికి కనీసం పదిహేను రోజుల ముందు మీ చేతికి, మీ వార్డు ప్రజల చేతికి రావాలని పట్టుబట్టండి. వ్యతిరేకించినట్లయితే ఆ మాట మినిట్స్‌లో రాయించండి. అమ్మిన డబ్బు జీతాలకూ పాత బిల్లులకూ పోకుండా, మరో శాశ్వత ఆస్తికే ఖర్చుపెట్టాలని తీర్మానంలో చేర్పించండి. కొంప అమ్మి కందిపప్పు కొనుక్కుంటే రేపేం తింటాం?

అధికారులకు: ‘పైనుంచి చెప్పారు’ అన్నమాట కోర్టులో నిలబడదు. సంతకం మీది. నోటు ఫైలులో అభ్యంతరం రాసిన అధికారికి దర్యాప్తు వచ్చిన రోజున అదే రక్ష.

ఊరివాళ్లకు: పాలకవర్గం గడువు తీరి ప్రత్యేకాధికారి పాలన నడుస్తున్న చోట మరీ అప్రమత్తంగా ఉండండి. అక్కడ ఒక్క సంతకమే కౌన్సిల్ తీర్మానం. మీ వార్డులో కార్పొరేషన్ స్థలాలు ఎన్నో, ఎక్కడెక్కడో ఇప్పుడే జాబితా అడిగి తెచ్చుకోండి, వెళ్లి ఫొటోలు తీసి పెట్టుకోండి. స్థలం మీద కొలతల టేపు కనిపించిన రోజే కమిషనరుకు రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చి, రసీదు తీసుకోండి. సమాచార హక్కు దరఖాస్తు వేయండి, అయితే దాని మీదే ఆధారపడకండి. జవాబుకు వాళ్లకు 30 రోజుల గడువుంది. సేల్‌డీడ్ రిజిస్ట్రేషన్‌కు ఒక పూట చాలు. దస్తావేజు పుట్టి, అది చేతులు మారి, బ్యాంకులో తాకట్టుకు చేరి, పునాదులు లేస్తే, ‘మధ్యలో కొన్నవాళ్ల గతేమిటి’ అన్న వాదన కోర్టులో మొదలవుతుంది. అందాకా రానివ్వకూడదు.

చింతచెట్టు పాటలో ఎప్పుడైనా మోసం జరిగితే ఆ ఏటి కాయ పోతుంది. మళ్లీ ఏడు చెట్టు మళ్లీ కాస్తుంది, మళ్లీ టముకు వేస్తారు, పోయిన ఏడు మోసపోయినవాళ్లు ఈసారి అరుగు దగ్గరికి ముందే వచ్చి నిలబడతారు. నగరం జాగాకు మళ్లీ ఏడు లేదు. మీ కార్పొరేషన్ వచ్చే సమావేశం తేదీ ఎప్పుడో కనుక్కోండి. అజెండా కాపీ అడగండి.